తుక్కులోని ఉక్కు

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున, మూసీ నదికి సమీపమున, ఉప్పల్ అను ప్రదేశము కలదు. ఒకప్పు డిది చుట్టును పొలములు గల పల్లె. కాలక్రమమున పురపాలక పట్టణమై, 2007 వ సంవత్సరమున మహానగరపాలక సంస్థలో కలిసినది. హైదరాబాదు నుండి భువనగిరి మీదుగా వరంగల్లునకు పోవు జాతీయ రహదారి దీని నడుమనుండియే సాగును. దీనికి ఉత్తరముగా నాచారము. ఈ రెండు తావులందును పారిశ్రామిక వాడలు వెలసినవి. సరకు మోయు లారీలు, కార్మికులను చేరవేయు బస్సులు, ఆటోలు రేయింబవళ్ళు ఈ దారుల వెంట తిరుగుచుండును. బండ్లు తిరుగు చోట బండ్లు చెడుటయు సహజమే. కావున దారి ప్రక్కన మరమ్మతు శాలలును, వాటికి చేరువనే పాత ఇనుము కొను తుక్కు దుకాణములును ఏర్పడుట వింత గాదు.

అట్టి దుకాణముల ముందు త్రుప్పు పట్టిన ఇరుసులు, వంగిన తలుపులు, పగిలిన బ్రేకు డ్రమ్ములు, విరిగిన కమాను పట్టీలు గుట్టలుగా పడియుండుట మీలో పలువురు చూచియే యుందురు. దారిన పోవువారికి అదంతయు ఒక్కటే ఇనుము. కాటా మీద పెట్టు దుకాణదారునకు అది తూకము. కాని కొలిమి ముందు కూర్చుండు కమ్మరికి ఆ గుట్టలో పలు జాతుల లోహములు కనబడును. ఒకటి సాగును, ఒకటి పగులును. ఒకటి పదును నిలుపును, ఒకటి ఎంత కాల్చి ముంచినను మెత్తగనే యుండును. ఈ భేద మెరిగినవానికి తుక్కుగుట్ట గని వంటిది. ఎరుగనివానికి అది ప్రమాదము.

మన పల్లెలలోని కమ్మరులు చాలకాలము నుండియు లారీల కమాను పట్టీలతో గొడ్డళ్ళను, కొడవళ్ళను, ఉలులను చేయుచున్నారు. ఇటీవల మన దేశమునను విదేశములందును చదువుకొన్నవారు, ఉద్యోగులు, ఇంజనీరింగు విద్యార్థులు కొందరు తీరిక వేళలలో చిన్న కొలిమి పెట్టుకొని ఈ విద్యను అభ్యసించుచున్నారు. బ్రతుకుతెరువు కొరకు గాక ఇష్టము కొరకు సుత్తి పట్టినవారు వీరు. వీరికి కావలసిన ఉక్కు కొద్దిపాటిది. రెండు ఉలులకో, ఒక తోటకత్తికో సరిపోవు ముక్క చాలును. అందుచే వీరును పాత బండ్ల ఇనుమునే వెదకుకొందురు. ఆ వెదకుట ఎట్లు జరుగవలెనో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మొదట ఇనుమునకును ఉక్కునకును గల భేదమును గ్రహింపవలెను. ఇనుములో స్వల్పముగా కర్బనము కలిసినచో అది ఉక్కగును. కర్బనము 0.1 శాతమునకు లోపుగా నున్నచో లోహము మెత్తగా నుండి, రేకుగా సాగును. 0.2 శాతము ప్రాంతమున నున్నచో దూలములకు, చట్రములకు తగును. 0.5 మొదలు 1 శాతము వరకు నున్నచో దానిని ఎఱ్ఱగా కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచినంతనే గట్టిపడి పదును నిలుపును. 2 శాతము దాటి 3, 4 శాతములకు చేరినచో అది పోత ఇనుము. పోత ఇనుము కరగించి అచ్చులో పోయుటకు తగునే కాని, ఎఱ్ఱగా కాల్చి సుత్తితో కొట్టినచో బెల్లపు గడ్డవలె చితికిపోవును. నూటికి ఒక పాలైన లేని కర్బనము లోహపు స్వభావమునే మార్చుచున్నది!

ఈ కొలతతో ఒక లారీని పరికింపుడు. తలుపులును, ముందు కప్పును మెత్తని రేకు. వీటితో కత్తి చేసినచో అది పదును నిలుపదు. ఇరుసులును, క్రాంకు కడ్డీయు మధ్యరకపు ఉక్కు. వీటిలో కర్బనము సాధారణముగా 0.4 శాతము ప్రాంతమున నుండును. సుత్తులకు, పట్టకారులకు ఇది చక్కగా తగును. చక్రముల క్రింది కమాను పట్టీలలో 0.5 నుండి 0.6 శాతము వరకు కర్బనమును, దానితోపాటు సిలికాను, మాంగనీసు, కొన్నిటిలో క్రోమియమును ఉండును. గొడ్డళ్ళకు, ఉలులకు, కొడవళ్ళకు ఇదియే ప్రశస్తము. బేరింగులలోని గుండ్లును కంకణములును ఇంచుమించు 1 శాతము కర్బనమును, ఒకటిన్నర శాతము క్రోమియమును కలవి. పదునునకు మేలైనవే కాని, సుత్తిదెబ్బకు త్వరగా లొంగవు, క్రొత్తవాని చేతిలో సులభముగా పగులును. ఇంజను దిమ్మ పలు లారీలలో పోత ఇనుము. బ్రేకు డ్రమ్ముయు అట్టిదే. పిస్టనులు అల్యూమినియము, కొలిమిలో పెట్టినచో కరగిపోవును. అయినను పగులని బ్రేకు డ్రమ్ము పనికిరానిది గాదు. దానిని వెల్లకిల పెట్టి, అడుగున గాలిగొట్టము అమర్చినచో అదియే చిన్న కొలిమి యగును! కమ్మరికి పనికిరాని వస్తువు అరుదు. తప్పు పనికి వాడిన వస్తువే హెచ్చు.

తెలంగాణమునకు ఈ ఉక్కువిద్య క్రొత్తది గాదు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రము ఒకప్పుడు మూసల ఉక్కునకు పేరుపొందిన గ్రామము. ఇనుమును మట్టిమూసలలో పెట్టి, మూతి మూసి, దీర్ఘకాలము కాల్చి, 1 శాతమునకు మించిన కర్బనము గల ఉక్కుముద్దలను అచట తీసెడివారు. పశ్చిమాసియాలో ప్రసిద్ధికెక్కిన డెమాస్కసు కత్తులకు ఇట్టి దక్షిణభారతపు ఉక్కే మూలము. పాశ్చాత్యులు దీనిని ఊట్జు అనిరి; మన ‘ఉక్కు’ అను మాటయే వారి నోట అట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. వోయ్సీ అను వైద్యుడు కోనసముద్రమునకు వచ్చి, ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832 లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. పారశీకదేశపు ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకు డొకడు ఉక్కు కొరకు ఆ పల్లెలో నుండుట ఆయన చూచెను. సుప్రసిద్ధ శాస్త్రవేత్త ఫారడే సైతము ఈ ఉక్కును విశ్లేషించి 1819 లో వ్యాసము ప్రకటించెను.

కోనసముద్రపు పనివారికి రసాయనశాస్త్ర గ్రంథములు లేవు. అయినను ఏ తావున దొరకిన ఇనుము ఎట్టిదో, దేనిని దేనితో ఎంత కలుపవలెనో వారికి తెలియును. వారి నేర్పంతయు లోహపు పుట్టుక నెరుగుటలో నున్నది. ఆనాడు ఇనుము కొండనుండి, వాగు ఇసుకనుండి వచ్చెడిది. తరువాత మోటారు బండ్లు వచ్చినవి. నిజాము రాష్ట్రమున రోడ్డు రవాణా శాఖ 1932 లో 27 బస్సులతో పని ప్రారంభించెను. నేడు బండ్లు లెక్కకు మిక్కిలి. కావున కమ్మరికి ఇనుము వచ్చు దారియే మారినది. అది కొండనుండి గాక రహదారినుండి వచ్చుచున్నది. దారి మారినను ప్రశ్న మారలేదు: ‘ఈ ఇనుము పుట్టుక ఏమి?’

ఈ ప్రశ్నకు సమాధానము దొరకు చోటనే ఇనుము కొనవలెను. కమాను పట్టీలు మార్చు మరమ్మతు శాల అందుకు మొదటి తావు. అచట బండి మన ముందే నిలిచియుండును. దాని క్రిందినుండి తీసిన పట్టీ మన యెదుటనే నేలమీద పడును. “అన్నా, ఈ పట్టీ ఏ బండిది? ఎందుకు తీసితిరి?” అని అడిగినచో, “లారీది తమ్ముడూ, చివరి ఆకు విరిగినది” అని పనివాడు చెప్పును. ఆ రెండు మాటలలో కావలసిన సమాచార మంతయు కలదు. ఏ భాగమో తెలిసినది. ఏల చెడినదో తెలిసినది. తుక్కు దుకాణమున వెల కొంత తగ్గవచ్చును గాని, అచటి ముక్కకు ఊరును లేదు, పేరును లేదు. గ్యాసు మంటతో తుంచిన ముక్కయైనచో కోత అంచు పొడవున లోహపు గుణము చెడియుండును. కావున ఆ అంచును ఒక అంగుళము మేర కోసి పారవేయవలెను.

ఊరు పేరు లేని ముక్క చేతికి వచ్చినప్పుడు దానిని పరీక్షించు ఉపాయములు కొన్ని కలవు. మొదటిది అయస్కాంత పరీక్ష. అయస్కాంతము అంటనిచో అది అల్యూమినియము గాని, ఒక జాతి తుప్పుపట్టని ఉక్కు గాని కావచ్చును, కొలిమికి తగదు. రెండవది నిప్పురవ్వల పరీక్ష. ముక్కను తిరుగుచున్న సానచక్రమునకు ఆనింపవలెను. మెత్తని ఇనుమునుండి పొడవైన గీతలవంటి రవ్వలు, చీలికలు లేకుండ, సాగిపోవును. కర్బనము హెచ్చిన కొలదిని రవ్వల కొనలు కాకరపువ్వొత్తివలె చిట్లును. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, మబ్బుగా, ఎఱ్ఱగా నుండును. తెలిసిన ముక్కనొకదానిని ప్రక్కన పెట్టుకొని పోల్చి చూచినచో ఈ పరీక్ష మరింత నమ్మదగినది.

మూడవది విరుపు పరీక్ష. ఇదియే కడపటి తీర్పు. పట్టీ చివర చిన్న తునకను కోసి, ఎఱ్ఱగా కాల్చి, నూనెలో ముంచవలెను. చల్లారిన పిదప ఆకురాయితో రుద్దవలెను. ఆకురాయి కొరికినచో లోహము గట్టిపడలేదని యర్థము. కొరుకక గాజుపై వలె జారినచో గట్టిపడినది. అప్పుడు దానిని గుడ్డలో చుట్టి, బిగింపు పరికరములో బిగించి, సుత్తితో విరిచి లోపలి రేణువులను చూడవలెను. విరిగిన ముఖము మెత్తని బూడిదవన్నె పట్టువలె నున్నచో కాక సరిపోయినది. చక్కెర పలుకులవలె ముతకగా మెరసినచో కాక మించినది. అట్లు మించిన కాకతో చేసిన ఉలి మొదటి దెబ్బకే పగులవచ్చును.

లోహజాతిని కనుగొన్నంతమాత్రమున పని ముగియలేదు. కమాను పట్టీ తన జీవితకాలమున లక్షలసార్లు వంగి లేచినది. గుంట వచ్చినప్పుడెల్ల భారమును మోసినది. అట్టి దానిలో కంటికి కనబడని సన్నని బీటలు పుట్టుట సహజము. ముఖ్యముగా నడిమి బోల్టు రంధ్రము చుట్టును, ఒక ఆకు మరియొక ఆకుతో రాపిడి పడు చోటులందును ఇవి హెచ్చు. విరిగినందుచేత తీసివేసిన పట్టీలో ఒక బీట బయటపడినది. తక్కినవి లోపల దాగియుండవచ్చును. ఆ బీట సుత్తిదెబ్బలతో అతుకుకొనదు. పైపైన చదునై కనబడినను లోపల అట్లే నిలిచి, పనిముట్టులోనికి చేరును.

దీని ఫలితమును ఆలోచింపుడు. ఆ గొడ్డలితో కట్టె కొట్టువాడు దానిని చేసినవాని ముఖ మెరుగకపోవచ్చును. అతడు గొడ్డలినే నమ్మి చేయి ఎత్తును. బీటవారిన అంచు ఎగిరి కంటిలో పడినచో, ఆ నష్టమును తీర్చగలవా డెవ్వడు? కావుననే మంచి కమ్మరి ఇనుమును కొన్న రోజుననే బీటలు వెదకును. అందుకొక సులభోపాయము కలదు. పట్టీని మన్నును త్రుప్పును పోవునట్లు తోమి, కిరోసినులో కొన్ని గంటలు నానబెట్టి, పొడిగుడ్డతో శుభ్రముగా తుడువవలెను. పిమ్మట పైన సుద్దపొడి పలుచగా పూయవలెను. బీటలో చొచ్చిన కిరోసిను మెల్లగా పైకి ఊరి, తెల్లని సుద్దపై నల్లని గీత గీయును. గీత కనబడిన మేరకు ఆ ముక్కను విసర్జింపవలెను. ఈ పరీక్షకు మంట చేరువన ఉండరాదు; కిరోసిను పూర్తిగా ఆరిన పిదపనే లోహమును కొలిమి దగ్గరకు తీసికొనిపోవలెను.

ఇనుము లోపల బీట ఉన్నట్లే, దాని వెనుక దోషము ఉండవచ్చును. అపహరించిన బండ్లను విప్పి భాగములుగా అమ్మువారు కొందరు లోకమున కలరు. దొంగసొత్తని తెలిసియు, లేక అట్లని నమ్ముటకు కారణముండియు, దురుద్దేశముతో కొనుట 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317 వ విభాగము క్రింద నేరము. బండి శాశ్వతముగా పనికిరానిదైనచో యజమాని 14 దినములలోగా, లేదా వీలైనంత శీఘ్రముగా, రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. పాత బండ్లను విప్పు నమోదిత కేంద్రములకు కేంద్ర ప్రభుత్వము 2021 లో నియమములు చేసినది. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు, కొన్ని ప్రత్యేక వాహనములు తప్ప, 2023 ఏప్రిల్ 1 నుండి రిజిస్ట్రేషను పునరుద్ధరణ లేదు. చిన్న ముక్క కొనువానికి ఇవన్నియు ఎందులకని అనుకొనరాదు. తెలిసిన దుకాణమున, పగటివేళ, రసీదు తీసికొని కొనవలెను. చాసిసు సంఖ్య చెక్కియున్న భాగమును ముట్టరాదు. రైలుపట్టా ముక్క దాగలిగా బాగుగా పనికివచ్చును. కాని రైల్వే సొత్తును అక్రమముగా కలిగియుండుట 1966 నాటి చట్టము ప్రకారము నేరమని మరువరాదు.

కొలిమిలో పెట్టరాని వస్తువులు కొన్ని కలవు. అదురు నణచు షాకబ్జార్బరులలో నూనెయు, కొన్నిటిలో ఒత్తిడితో నింపిన వాయువును ఉండును; కాల్చినచో బాంబువలె ప్రేలును. రెండు కొనలును మూసిన గొట్టము లోపల గాలియో తేమయో యున్నను అదే ఫలితము. జస్తాపూత గల బోల్టులను, రేకులను కాల్చినచో తెల్లని పొగ వచ్చును. దానిని పీల్చినవారికి చలిజ్వరము పట్టును. మెరయు క్రోమియము పూతయు, పాత రంగులును విషపు పొగను వెడలించును. వీటిని కొనక పోవుటయే మేలు. చుట్టుకమానులను బండినుండి స్వయముగా విప్పుటకు పూనుకొనరాదు. అణగియున్న కమాను ఒక్కుమ్మడిగా ఎగిరి ప్రాణము తీయగలదు.

మంచి పట్టీ చేతికి వచ్చినదనుకొందము. దానిని నారింజవన్నె వచ్చునంతవరకు కాల్చి దాగలిపై సాగగొట్టవలెను. ఎఱుపు మబ్బైనచో కొట్టుట ఆపి, మరల కొలిమిలో పెట్టవలెను. కొలిమిలోని ఉక్కునుండియే రవ్వలు చిమ్మినచో అది కాలిపోవుచున్నదని తెలియవలెను. అట్టి భాగము మరల బాగుపడదు. ఆకృతి వచ్చిన పిమ్మట పాయనము పెట్టవలెను. 770 డిగ్రీల సెంటిగ్రేడు దాటినప్పుడు ఇనుమును అయస్కాంతము ఆకర్షింపదు. ఇది కమ్మరికి ప్రకృతి ఇచ్చిన ఉష్ణమాపకము. అయస్కాంతము విడిచిన పిదప మరికొంచెము కాల్చి, కమాను పట్టీని నూనెలోనే ముంచవలెను. నీటిలో ముంచినచో తరచుగా పగులును. ఇట్లు గట్టిపడిన ఉక్కు గాజువలె పెళుసు. దానిని తోమి మెరుగుపరచి, మరల సన్నని వేడి చూపవలెను. సుమారు 220 డిగ్రీల వద్ద లేత గడ్డివన్నె, 300 డిగ్రీల వద్ద నీలవర్ణము పైన పారును. వేడి హెచ్చిన కొలదిని కాఠిన్యము కొంత తగ్గి, దెబ్బకు ఓర్చు గుణము పెరుగును. పదును ముఖ్యమైన పనిముట్టునకు గడ్డివన్నెయు, దెబ్బ తిను పనిముట్టునకు నీలపు వన్నెయు తగును.

విద్యార్థులారా! ఈ విద్యను ఒంటరిగా ప్రారంభింపరాదు. పని తెలిసిన కమ్మరి ప్రక్కన కూర్చుండి, కన్నులకు అద్దములును, కాళ్ళకు తోలుచెప్పులకు బదులు మూసిన బూట్లును, ఒంటికి నూలుబట్టలును ధరించి నేర్వవలెను. చేసినది పనిముట్టు కావలెను గాని ఆయుధము కారాదు. ఆయుధముల విషయమున 1959 నాటి చట్టము వేరుగ కలదు.

ఒక టన్ను తుక్కును కరగించి మరల ఉక్కు చేసినచో సుమారు 1.4 టన్నుల ఇనుపరాయియు, 740 కిలోల బొగ్గును మిగులునని ఉక్కు పరిశ్రమవారి లెక్క. కమ్మరి దానిని కరగింపనైన కరగింపడు. ఉన్న ఉక్కునే కాల్చి, సాగగొట్టి, క్రొత్త బ్రదుకు నిచ్చును. నిన్న లారీ భారమును మోసిన పట్టీ రేపు రైతు చేతి కొడవలి యగును. ఆ మార్పునకు మంటయు సుత్తియు మాత్రమే చాలవు. ఆ ఇనుము ఎక్కడ పుట్టినదో, ఎట్లు వచ్చినదో, లోపల ఏమి దాచుకొన్నదో విచారించు ఓర్పు కావలెను. ఆ ఓర్పు గల కమ్మరి చేసిన పనిముట్టును, ఎన్నడును అతనిని చూడనివాడు సైతము, నిర్భయముగా చేత పట్టును.